పూతరేకుల ఇంటికి సర్వే వాళ్ళొస్తే

ఆత్రేయపురంలో రేకు తీసే ఇంట్లోకి అడుగుపెడితే ముందు తగిలేది పొగ. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో, బియ్యం నానబెట్టి రుబ్బి నీళ్ళలా పల్చగా కలిపిన పిండి. పల్చని గుడ్డను అందులో ముంచి, కాలిన కుండ మీద ఇలా పరిచి అలా లాగితే కాగితం కన్నా సన్నటి రేకు లేచి వస్తుంది. ఈ పని చేసేది దాదాపు అంతా ఆడవాళ్ళే. తీసిన రేకుల్ని వందల లెక్కన కట్టలు కట్టి దుకాణాలకు ఇస్తారు. అక్కడ నెయ్యి పూసి, పంచదారో బెల్లమో, జీడిపప్పో చల్లి చుట్టలు చుడతారు. రావులపాలెం వైపు వెళ్ళే కారు ఆగి, అరడజను పెట్టెలు కొనుక్కుని పోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంటి గుమ్మం ముందు సర్వే మనిషి నిలబడి "అమ్మా, మీ ఇంటి నెల ఆదాయం ఎంత?" అని అడిగాడనుకోండి. ఆమె ఏం చెప్పాలి? కొబ్బరాకులు తోటలో ఏరుకొచ్చినవి, వాటికి డబ్బులు లేవు. బియ్యం ఒకసారి తను కొన్నవి, ఒకసారి దుకాణం వాళ్ళు ఇచ్చినవి. వానాకాలం మంట అంటుకోక పని సగం. సంక్రాంతి ముందు చేతికి తీరికుండదు, ఆషాఢంలో బేరం మందం. పెద్దకూతురు బడి నుంచి వచ్చాక రెండు గంటలు కూర్చుంటుంది, దానికి లెక్కేలేదు. ఆమె చెప్పే జవాబు ఎక్కువ మంది చెప్పేదే: "ఏదో వస్తాయి బాబూ, ఖర్చులకు సరిపోతాయి."

కేంద్ర గణాంక శాఖ ఇప్పుడు తలకెత్తుకున్న పని సరిగ్గా ఈ "ఏదో వస్తాయి" అన్న మాటను అంకెగా మార్చడం. జాతీయ గృహ ఆదాయ సర్వేను 2026 ఫిబ్రవరి నుంచి మొదలుపెడతామని 2025లో ఆ శాఖ ప్రకటించింది. ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేసింది. ఇంతవరకు ఈ దేశంలో ప్రజల ఖర్చును కొలిచారు గానీ, ఆదాయాన్ని దేశమంతా తిరిగి ప్రత్యేకంగా కొలిచింది లేదు. ప్రయత్నాలు మాత్రం జరిగాయి. నేషనల్ శాంపిల్ సర్వే 1950లలో, 1960లలో కొన్ని విడతల్లో ఆదాయం అడిగి చూసింది. తీరా లెక్కేస్తే, జనం చెప్పిన ఆదాయం కన్నా వాళ్ళ ఖర్చూ పొదుపూ కలిపితే వచ్చే మొత్తమే ఎక్కువ తేలింది. చేతికి వచ్చింది తక్కువ, చేతి నుంచి పోయింది ఎక్కువ! ఈ లెక్క పనికిరాదని పక్కన పెట్టేశారు. 1980లలో మరోసారి ప్రయోగం చేసి అదీ ముందుకు తీసుకెళ్ళలేదు. 2025 ఆగస్టులో కొత్త ప్రశ్నపత్రాన్ని కొన్నిచోట్ల పరీక్షించి చూస్తే, అడిగిన వాళ్ళలో 95 శాతం మంది ఈ వివరాలు బయటపెట్టడం ఇబ్బందికరమేనన్నారని శాఖే చెప్పింది.

డెబ్బై ఏళ్ళ కిందటి భయం అలాగే ఉందన్నమాట. దానికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక సొంత కారణం కూడా ఉంది. దాని పేరు బియ్యం కార్డు.

రాష్ట్రంలో బియ్యం కార్డుకు అర్హత ఉండాలంటే కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. ఇప్పుడు కేంద్రం చేసిన ఖర్చు సర్వే చూడండి. 2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒక మనిషి సగటు నెల ఖర్చు 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182. నలుగురున్న పల్లె కుటుంబం సగటున ఖర్చు పెడితే 21 వేలు దాటుతుంది. అంటే రాష్ట్రంలో మామూలు ఇల్లు, కార్డు నిబంధన ఒప్పుకునే ఆదాయానికి రెట్టింపు పైనే ఖర్చు పెడుతోంది. అయినా ఎక్కువ ఇళ్ళలో కార్డు ఉంది. ఇందులో జనం మోసం ఏమీ లేదు. ఆ 10 వేల గీత నేలమీది బతుకుకు దూరంగా ఉంది, అంతే. కానీ ఆ ఇంటికి ఎవరైనా పలకా బలపం పట్టుకుని వచ్చి "ఆదాయం ఎంత" అంటే నోటికి వచ్చేది తొమ్మిది వేల తొమ్మిది వందలే. ఇది తెలిసే గణాంక శాఖ ఇన్నేళ్ళూ ఖర్చు వైపు నుంచి నరుక్కొచ్చింది.

ఖర్చును కొలవడం కూడా అంత తేలికేం కాదు. మహలనోబిస్ పూనికతో 1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వేలో అప్పటి నుంచీ పెద్ద తగువు ఒకటే: ఎన్ని రోజుల కిందటి సంగతి అడగాలి? ముప్ఫై రోజుల్లో ఎన్ని గుడ్లు తిన్నారంటే ఎవరికి గుర్తుంటుంది? వారం రోజులంటే గుర్తుంటుంది గానీ ఆ వారం మామూలు వారమో, పండగ వారమో. ఇప్పటి పద్ధతిలో మాంసం, చేప, గుడ్లు, కూరలు, పళ్ళు, నూనె లాంటివి 7 రోజులకు అడుగుతారు. బియ్యం, పప్పులు, కరెంటు బిల్లు లాంటివి 30 రోజులకు. బట్టలు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, సామాన్లు ఏడాదికి. ఒక్కసారే వచ్చి గంటల తరబడి అడిగే పాత పద్ధతి తీసేసి, ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్తున్నారు. ఒకసారి తిండి, ఒకసారి సబ్బులు మందులు ఫీజులు, ఒకసారి సామాన్లు.

కోనసీమలో వరద నీళ్ళు వచ్చే రోజుల్లో పులస దొరికిన వారం సర్వే మనిషి వచ్చాడనుకోండి, ఆ ఇంటి చేపల ఖర్చు చూసి ఢిల్లీలో వాళ్ళు జమీందారు ఇల్లనుకుంటారు. బక్రీద్ తర్వాతి వారం ముస్లిం ఇంటికి వచ్చినా అంతే. అందుకే సర్వేను ఏడాది పొడవునా పరిచి చేస్తారు. ఒక ఇంటి లెక్క తప్పొచ్చు, లక్షల ఇళ్ళ సగటులో ఆ ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. 2023-24లో దేశం మొత్తం మీద 2,61,953 ఇళ్ళు తిరిగారు. ఒక్కో ఊళ్ళో, పట్నంలో అయితే ఒక్కో బ్లాకులో, తీసుకునేది 18 ఇళ్ళు. ఊరిలో భూమి ఎక్కువున్న ఇళ్ళను, మిగతా ఇళ్ళను వేరు చేసి రెండిటి నుంచీ తీస్తారు. ఏ ఊళ్ళు ఎంపికయ్యాయో పేర్లతో బయటపెట్టరు.

ఆ ఏడాది దేశం సగటు పల్లెలో 4,122, పట్నంలో 6,996. తెలంగాణలో 5,435, 8,978. అన్నిటికన్నా అడుగున ఛత్తీస్‌గఢ్ పల్లెలు, 2,739. ఇంకో అంకె మీద కాస్త ఆగాలి. దేశంలో పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది నెలకు మనిషికి ఖర్చు పెట్టింది 1,677 రూపాయలు. పైనున్న 5 శాతం మంది 10,137. అంతకు ముందు ఏడాది సర్వేలో ఇవి 1,373, 10,501. అంటే కింద వాళ్ళది ఏడాదిలో 22 శాతం పెరిగింది, పైవాళ్ళది తగ్గింది. ప్రభుత్వం దీన్ని అసమానత తగ్గిందనడానికి గుర్తుగా చూపింది. కింద వాళ్ళది పెరగడం నిజమైతే మంచి వార్తే. కానీ పల్లెలో పైనున్న వాళ్ళంటే నెలకు మనిషికి పదివేలు ఖర్చు పెట్టేవాళ్ళేనా? రొయ్యల చెరువులు, రైసు మిల్లులు, కొబ్బరి ఎగుమతులు ఉన్న గోదావరి జిల్లాల్లో ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు. గేటు వేసి ఉన్న ఇంట్లోకి సర్వే మనిషి వెళ్ళడం కష్టం. వెళ్ళినా దొరికేది పనిమనిషి. వినియోగం మీద ఆధారపడిన అసమానత సూచీ ఎప్పుడూ మెత్తగానే కనిపిస్తుంది. కోటీశ్వరుడైనా తినేది నాలుగు ముద్దలే, మిగిలింది బ్యాంకులోకో భూమిలోకో పోతుంది, అది ఖర్చు కింద రాదు. 2025 జూలైలో ప్రపంచ బ్యాంకు అంకెల్ని పట్టుకుని భారత్ ప్రపంచంలోనే సమానత్వం ఎక్కువున్న దేశాల్లో నాలుగోదని కేంద్రం ప్రకటన ఇస్తే, విమర్శకులు ఎత్తిచూపింది ఇదే. మిగతా చాలా దేశాలవి ఆదాయం లెక్కలు, మనది ఖర్చు లెక్క. తూకం రాళ్ళే వేరు.

ఆదాయ సర్వే అవసరం ఇక్కడే తెలుస్తుంది. అయితే అది ఎంతవరకు నిజం రాబడుతుందన్నది వేరే ప్రశ్న.

ఖర్చు పెరిగితే బతుకు మెరుగైనట్టేనా అన్న దగ్గర ముస్లిం కుటుంబాలు ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి బిల్లు చూడండి. అమ్మీకి గుండె ఆపరేషన్ అయి, ఆరోగ్యశ్రీ పోను చేతి నుంచి లక్ష పెట్టారనుకోండి. సర్వేలో అది వినియోగ వ్యయం. ఆ ఇంటి సగటు ఖర్చు ఆ ఏడాది పెరుగుతుంది. ఆ లక్ష కోసం చేసిన అప్పు, దాని మీద కట్టే వడ్డీ మాత్రం వినియోగం కిందికి రావు. అంటే కష్టం వచ్చిన ఇల్లు కాగితం మీద ఒక మెట్టు ఎక్కుతుంది. ఆ కష్టం తాలూకు బరువు ఆ కాగితంలో ఉండదు. పెళ్ళి కూడా ఇలాంటిదే. వలీమాకు పిలిచిన మూడొందల మంది తిన్న బిర్యానీ పిలిచినవాళ్ళ ఇంటి ఖాతాలోనే పడుతుంది, తిన్నవాళ్ళ ఇంటి ఖాతాలో కాదు.

జకాత్ సంగతి ఇంకోలా ఉంటుంది. డబ్బు రూపంలో ఇచ్చింది ఇచ్చినవాళ్ళ వినియోగం కాదు. తీసుకున్న ఇల్లు దానితో బియ్యం కొంటే అది ఆ ఇంటి ఖర్చు. ఫిత్రా కింద వచ్చిన ధాన్యం, ఖుర్బానీలో పంచిన మాంసం అయితే తీసుకున్న ఇంట్లో తిన్నప్పుడు, దానంగా వచ్చింది అని రాసుకుని స్థానిక ధర వేసి కలుపుతారు. ఈ పద్ధతి సబబే. తినేది ఎవరో వాళ్ళకే లెక్క. కానీ విధవరాలైన ఒక తల్లి రంజాన్ నెలలో పదిమంది ఇచ్చిన దానితో కాస్త కడుపునిండా తింటే, ఆ నెల ఆమె జీవన ప్రమాణం పైకి పోయినట్టు కనిపిస్తుంది. షవ్వాల్‌లో ఆ ఇంటికి మళ్ళీ ఎవరూ రారు.

గల్ఫ్ లెక్క మరీ చిత్రం. ఉభయ గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఖతర్, ఒమన్‌లకు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. సర్వే నిబంధన ప్రకారం, ఒకే పొయ్యి మీద వండుకు తింటూ కలిసి ఉండేవాళ్ళే ఒక కుటుంబం. ఆరునెలలకు మించి బయట ఉండేవాళ్ళు ఆ ఇంటి మనిషి కారు. ఐదుగురున్న ఇంట్లో తల్లి కువైట్ వెళ్ళింది. ఇప్పుడు లెక్కకు నలుగురే. ఆమె పంపిన డబ్బుతో ఇంటి ఖర్చు పెరిగింది. ఎక్కువైన ఖర్చును తగ్గిన తలలతో భాగిస్తే తలసరి ఖర్చు రెండు విధాలా పైకి లేస్తుంది. వీసాకు ఏజెంటుకిచ్చిన అప్పు ఈ పట్టికలో ఎక్కడా కనిపించదు. అమ్మ లేకుండా పెరిగే పిల్లల సంగతి ఏ పట్టికలోనూ కనిపించదు, దానికి సర్వేను తప్పుపట్టనూ లేం.

మళ్ళీ రేకు తీసే ఇంటికి వస్తే, ఖర్చు లెక్కలో ఆమె కష్టం ఇంటి మొత్తంలో కలిసిపోతుంది. ఆదాయ సర్వేలోనూ, ఉద్యోగాల సర్వేలోనూ మాత్రం ఆమె పనిని విడిగా గుర్తించాలి. గుర్తించడం ఎవరి చేతిలో ఉంది? జవాబు చెప్పేది చాలా ఇళ్ళలో మగవాళ్ళు. "మా ఆవిడా? ఇంట్లోనే ఉంటుంది" అంటారు. ఆవిడను అడిగినా "ఖాళీగానే ఉంటాను, ఖాళీ దొరికినప్పుడు రేకులు తీస్తాను" అంటుంది. రోజుకు ఆరుగంటలు పొగలో కూర్చునే ఖాళీ అది. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఉద్యోగాల సర్వే నివేదికల్లో మతాల వారీ పట్టిక ఉంటుంది. అందులో పనిచేసే స్త్రీల శాతం ముస్లింలలో మిగతా వాళ్ళ కన్నా తక్కువగా వస్తుంటుంది. ఇందులో నిజమెంత, "ఇంట్లోనే ఉంటుంది" అన్న జవాబు వల్ల పోయిందెంత? ముస్లిం స్త్రీలు ఇంటి పట్టున చేసే పనుల్లోనే ఎక్కువగా ఉన్నారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. కుట్టుపని, జరీ పని, తెలంగాణలో బీడీలు, ఇక్కడైతే పచ్చళ్ళు, మిఠాయిలు. సర్వే మనిషి "ఏం పని చేస్తారు" అని కాకుండా "నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు" అని అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. టైం యూజ్ సర్వేలో అడిగేది ఇలాగే.

సచార్ కమిటీ పేరు వచ్చింది కాబట్టి అసలు పేచీ దగ్గరికి రావాలి. ముస్లింల ఆర్థిక స్థితి మీద దేశంలో ఎవరేం మాట్లాడినా దాని వెనక ఉన్నది ఈ శాంపిల్ సర్వేల అంకెలే. సచార్ నివేదిక 2004-05 సర్వేను ఆధారం చేసుకుంది. 2009-10 సర్వే మతాల వారీగా నెల తలసరి ఖర్చును చెప్పింది: సిక్కులు 1,659, క్రైస్తవులు 1,543, హిందువులు 1,125, ముస్లింలు 980. నాలుగింటిలో చివరి అంకె అది. ఇప్పటి ఖర్చు సర్వేలోనూ ఇంటి పెద్ద మతం ఏమిటో అడిగి రాసుకుంటారు. కానీ ప్రభుత్వం విడుదల చేసే సారాంశ పత్రంలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అన్న పట్టిక ఉంటుంది, మతాల పట్టిక ఉండదు. కావాలంటే ముడి డేటా దించుకుని ఎవరికి వాళ్ళు లెక్కవేసుకోవాలి.

లెక్కవేసినవాళ్ళు ఉన్నారు. నీతి ఆయోగ్ మాజీ ఉపాధ్యక్షుడు అరవింద్ పనగారియా, విశాల్ మోరే కలిసి 2025 చివర్లో ప్రచురించిన వ్యాసంలో, 2023-24 నాటికి ముస్లింలలో పేదరికం హిందువుల కన్నా కొంచెం తక్కువేనని తేల్చారు. టీవీల్లో దీన్ని సచార్ నివేదికకు సమాధానంగా చూపించారు. ఇందులో కొట్టిపారేయాల్సినంత అబద్ధం లేదు, చంకలు గుద్దుకోవాల్సినంత నిజమూ లేదు. ఎందుకంటే వాళ్ళు వాడింది టెండూల్కర్ గీత. 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆ గీత మనిషికి నెలకు 860 రూపాయలు. ధరలు రెట్టింపయ్యాయని వేసుకున్నా 1,720. రోజుకు 57 రూపాయలు. ఆ గీత కింద ఇప్పుడు హిందువుల్లోనూ, ముస్లింలలోనూ నూటికి ముగ్గురో నలుగురో మించి మిగల్లేదు. అంత అడుగున పోల్చితే తేడాలు కనబడవు. పైగా హిందువుల సగటులో దళితులు, ఆదివాసీలు ఉన్నారు. దేశంలో కడుపేదరికం ఎక్కువగా మిగిలింది అక్కడ. పోలిక న్యాయంగా ఉండాలంటే, ముస్లిం కుటుంబాన్ని దాని పక్కింటి బీసీ కుటుంబంతోనో, ఓసీ కుటుంబంతోనో పోల్చాలి. అదీ తిండి గీత దగ్గర కాదు, డిగ్రీ చదివే పిల్లల దగ్గర, సొంత ఇంటి దగ్గర, జీతం వచ్చే ఉద్యోగం దగ్గర.

2011-12తో పోలికకే ఇంకో చిక్కుంది. ఆ మధ్య 2017-18లో ఒక సర్వే జరిగింది. దాని ఫలితాల్ని నాణ్యత లేదంటూ 2019 నవంబరులో కేంద్రం ఆపేసింది. పల్లెల్లో ఖర్చు తగ్గిందన్న సంగతి అప్పటికే ఒక ఆర్థిక దినపత్రికలో బయటికి వచ్చింది. ఆ తర్వాత ప్రశ్నలు మార్చి, వస్తువుల సంఖ్య 347 నుంచి 405కు పెంచి, మూడుసార్లు తిరిగి చేసిన సర్వే 2022-23ది. ప్రశ్న మారితే జవాబు మారుతుంది. పేదరికం ఎంత తగ్గిందో అంత ఖచ్చితంగా చెప్పేవాళ్ళను చూసి కాస్త జాగ్రత్తపడాలి.

ఆంధ్రప్రదేశ్ ముస్లింలకు ఈ అంకెల పేచీ కోర్టు దాకా వెళ్ళిన అనుభవం ఉంది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బీసీ కమిషన్ సిఫార్సుల మీద 14 వర్గాలను బీసీ-ఇ కింద పెట్టి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దాన్ని కొట్టేసింది. తప్పుపట్టిన వాటిలో ముఖ్యమైనది వెనకబాటును తేల్చడానికి చేసిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి అది ఇవాళ్టికీ నడుస్తోంది. ఇంజనీరింగ్ సీటు వచ్చిన పిల్లాడికి, టీచర్ ఉద్యోగం వచ్చిన పిల్లకు ఆ మధ్యంతర ఉత్తర్వే ఆసరా. అంటే ఎవరింటికి ఎవరు వెళ్ళి ఏం అడిగారు, ఎన్ని ఇళ్ళు తిరిగారు అన్నది ఈ సమాజానికి సీటు దక్కడం, దక్కకపోవడం అంత దగ్గరి విషయం.

అలాంటప్పుడు శాంపిల్‌లో మన ఇల్లు ఏ పెట్టెలో పడుతుందన్నది చూసుకోవాలి. సర్వేలో సామాజిక వర్గం ఇంటివాళ్ళు చెప్పినదే. షేక్ కుటుంబం "బీసీ-ఇ" అని చెబితే ఓబీసీలో పడుతుంది. "మేం ముస్లింలమండీ" అని ఊరుకుంటే "ఇతరులు" అన్న పెట్టెలోకి, అంటే ఓసీల పక్కకు పోయే అవకాశం ఉంది. దూదేకుల వాళ్ళు బీసీ-బి, వాళ్ళదీ ఇదే కథ. 2022-23లో పల్లెల్లో ఓబీసీల సగటు 3,848, ఇతరుల సగటు 4,392. ఏ పెట్టెలో కలిస్తే ఆ సగటు నీడ పడుతుంది.

కోనసీమకు ఇంకో ఇబ్బంది సంఖ్యలో ఉంది. డెల్టాలో ముస్లింలు చెదురుగా, తక్కువగా ఉన్నారు. కర్నూలు, గుంటూరు, కడపల లాగా కాదు. ఊరికి 18 ఇళ్ళు తీస్తే అందులో ముస్లిం ఇల్లు ఒకటో, ఏదీ లేకపోవడమో. ఇలాంటి నమూనా నుంచి రాష్ట్రంలో ముస్లింల గురించి చెప్పొచ్చు, కోనసీమ ముస్లింల గురించి చెప్పలేం. 2025 జనవరి నుంచి శాంపిల్ సర్వేలకు జిల్లాను మూలంగా తీసుకుంటున్నారు. దానివల్ల జిల్లా సగటు మెరుగ్గా తెలియొచ్చు గానీ, జిల్లాలోని చిన్న సమాజాల సంగతి అప్పుడూ చీకట్లోనే. దానికి జనగణన లాంటి ఇంటింటి లెక్కే దిక్కు. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటికీ తిరిగిన కులసర్వే ముస్లిం బీసీలు 10.08 శాతం, ముస్లిం ఓసీలు 2.48 శాతం అని విడదీసి చెప్పగలిగింది అందుకే.

ఇన్ని చెప్పినా, తలుపు దగ్గర అడ్డుపడేది భయం. పౌరసత్వ చట్టం గొడవ నడిచిన 2020 జనవరిలో ఖర్చులు, ప్రయాణాలు అడగడానికి వెళ్ళిన శాంపిల్ సర్వే సిబ్బందిని ఎన్‌ఆర్‌సీ వాళ్ళనుకుని దేశంలో పలుచోట్ల అడ్డుకున్నారు. ముస్లిం బస్తీల్లో తలుపులు మూసేశారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని తక్కువచేసి మాట్లాడ్డం తప్పు. పైగా ఈ రాష్ట్రంలో గత కొన్నేళ్ళుగా ఇంటికి వచ్చి అడిగేవాళ్ళకు లెక్కలేదు. మొన్నటిదాకా వాలంటీరు, తర్వాత సచివాలయం వాళ్ళు, 2025 ఉగాదికి ప్రారంభించిన పీ4 కోసం ఇంకో సర్వే. ఎవరు దేనికి అడుగుతున్నారో సామాన్యుడికి తెలియదు. కానీ తేడా ఉంది. పీ4లో పేదింటిని పేరుతో గుర్తించి "బంగారు కుటుంబం" అని రాయడమే ఉద్దేశం. అక్కడ చెప్పింది ఆ ఇంటికే తగులుతుంది, మేలైనా కీడైనా. శాంపిల్ సర్వేలో ఇల్లు పేరు తుడిచేసి సగటులో కలిపేస్తారు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం అక్కడ చెప్పిన వివరాలను గణాంకాలకు తప్ప వాడకూడదు. కార్డు తీసేయడానికి ఆ కాగితం పనికిరాదు. ఈ మాట మసీదు కమిటీలు, స్థానిక పెద్దలు జుమా తర్వాత రెండు నిమిషాలు చెబితే గణాంక శాఖ వేసే పోస్టర్ల కన్నా బాగా పనిచేస్తుంది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు అడిగి చూడటం మాత్రం ఎవరి హక్కయినా.

శాఖ చేయాల్సిందీ ఉంది. మతాల వారీ పట్టికను ముడి డేటాలో దాచకుండా నివేదికలోనే అచ్చువేయడానికి అడ్డేమిటి? ఉద్యోగాల సర్వేలో వేస్తున్నప్పుడు ఖర్చు సర్వేలో ఎందుకు వేయరు? ఒక వ్యాసం ఇటు లాగితే ఇంకో వ్యాసం అటు లాగే పని తప్పుతుంది. ముస్లిం ఇళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళతో మాట్లాడాల్సిన చోట, ఆడ సిబ్బందిని పంపడం రెండోది. ఆత్రేయపురంలో రేకు తీసే మనిషి, ఇంటాయన బయటికి వెళ్ళాక, కుండ దించి చేతులు కడుక్కుని ఇంకో ఆడమనిషితో కూర్చుంటే, రోజుకు ఎన్ని రేకులు, వందకు ఎంత, నెలకు ఎన్ని రోజులు అన్నది వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగలదు. దుకాణం వాళ్ళు ఎప్పుడు ఎంత బాకీ ఉన్నారో కూడా ఆమెకు నోటికి వచ్చు.